పిట్ట ఫొటోకి జవాబు



పిట్టల ఫొటోలు తీసేవాళ్లతో ఈ పూట కాసేపు మాట్లాడదామని వచ్చాను. మార్కాపురం, కంభం, గిద్దలూరు, దోర్నాల, ఎర్రగొండపాలెం చుట్టుపక్కల ఇప్పుడు అలాంటివాళ్లు కనపడుతూనే ఉన్నారు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోవాళ్లు, డిగ్రీ చదివే పిల్లలు. ఆదివారం వస్తే చీకటితోనే లేచి చెరువు కట్టకో చేలగట్లకో పోతారు. ఎండెక్కేదాకా తిరిగి ఇంటికొచ్చి, తీసినవాటిలో మంచిదాన్ని ఒకదాన్ని ఏరి, ఫేస్‌బుక్కులోనో ఇన్‌స్టాగ్రాములోనో పెడతారు. ఇక ఆ రోజంతా ఫోను చేతిలోంచి దిగదు. అన్నం తింటూ చూస్తారు, పడుకోబోయే ముందు చూస్తారు. రెండు మూడు లైకులు, ‘నైస్’ అని ఒక కామెంటు. అంతే. అదే రోజు కొత్త బండి పక్కన నిలబడి ఎవరో దిగిన ఫొటోకి మాత్రం అభినందనలు వరద కడతాయి.

ఇదీ ఒక బాధేనా అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. నేనూ ఫొటోలు తీసేవాణ్ణే కాబట్టి కొట్టిపారేయలేను. మనిషి తాను చూసిన అందాన్ని పక్కవాడికి చూపించకుండా ఉండలేడు. కరెంటు తీగ మీద పాలపిట్ట కనపడితే బండి ఆపి వెనక కూర్చున్నవాడికి వేలు పెట్టి చూపిస్తాం. వాడు ‘అబ్బ, ఎంత బాగుందో’ అంటాడు. ఆ ఒక్క మాటతో మనం చూసిన చూపు పూర్తవుతుంది. ఫోనులో పెట్టిన ఫొటోకి ఆ మాట రాదు. ఒకసారి రాకపోతే పర్వాలేదు. నెలల తరబడి రాకపోతే నేను తీసేవి బాగోవేమో, ఇదంతా దండగేమో అనిపిస్తుంది. కెమెరాను బీరువాలో పెట్టేసిన కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్ల చూపు మంచిది, చెయ్యి మంచిది. అలాంటివాళ్లను పోగొట్టుకోవడం ఈ ప్రాంతానికి నష్టం. అందుకే ఈ ప్రసంగం.

ఆ ఫొటో వెనక ఉన్న కష్టం తెరమీద కనపడదన్నది మొదటి చిక్కు. కంభం చెరువునే తీసుకోండి. విజయనగర రాజుల కాలంలో కొండల సందున గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐ.సి.ఐ.డి. దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలోకి ఎక్కించింది. చలికాలం నీళ్లు కాస్త వెనక్కి తీసిన చోట, మోకాలి లోతు నీళ్లలో, ఎర్రకాళ్ల కొంగ మేతకు దిగుతుంది. దూరంగా చతికిలబడి కదలకుండా చూడాలి. లావుపాటి పసుప్పచ్చ ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంది. చేపను కంటితో వెతకదు. ముక్కుకు తగిలిందా, టక్కున మూసేస్తుంది. మధ్యమధ్య ఒక కాలితో అడుగు బురదను కెలుకుతుంది. ఉన్నట్టుండి ఒక్క రెక్కను విసిరినట్టు తెరుస్తుంది, బెదిరిన చేప ఇటు తిరగాలని. అప్పుడు తోక దగ్గరి గులాబి రంగు ఈకల మీద ఎండ పడిందా, ఆ క్షణం కోసమే మనం తెల్లారినప్పటి నుంచి కూర్చున్నది.

ఆ ఫొటో పెడతాం. చూసేవాడు బస్సులో ఉంటాడు, తెర అరచేయంత. వాడికి కనపడేది ఒక కొంగ. వేలితో పైకి తోసేస్తాడు. అందులో వాడి తప్పేమీ లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనం పెట్టింది మన స్నేహితులందరికీ చేరిందనుకుంటాం. చేరదు. ఎవరికి ఏది ముందు చూపించాలో ఆ కంపెనీల కంప్యూటర్లు నిర్ణయిస్తాయి. జనం దేని దగ్గర ఆగుతారో, దేనికి పోట్లాడుకుంటారో, దాన్ని పైకి తెస్తాయి. మనిషి ముఖం దగ్గర ఆగినట్టు, దూరాన తుమ్మకొమ్మ మీద గోరంత ఉన్న పికిలిపిట్ట దగ్గర వేలు ఆగదు. కాబట్టి లైకుల అంకె చెప్పేది ఆ పూట ఆ యంత్రం ఎంతమంది ముందుకు ఫొటోను తోసింది, వాళ్లలో ఎందరికి తీరిక ఉంది అన్నదే. ఫొటో మంచిచెడ్డలకు దానితో సంబంధం బహు తక్కువ. ఈ సంగతి తెలిశాక నాకైతే సగం భారం దిగింది.

మన ఊళ్ల పద్ధతి ఒకటుంది. మనవాళ్లు చూస్తారు, నొక్కరు. వారం తర్వాత టీ కొట్టు దగ్గర ఎదురుపడి, ‘మొన్న పెట్టిన ఆ నీలం పిట్ట యాడ కనపడింది?’ అంటారు. మీరు మర్చిపోయిన ఫొటో వాళ్లకు గుర్తుంటుంది. వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్లకు ఇది బాగా తెలుసు. చూసినవాళ్ల పేర్లు వరసగా కనపడతాయి, ఒక్కరూ పలకరు. పలకలేదంటే పట్టలేదని కాదు. ఇప్పుడు నేను మాట్లాడుతుంటే మీరు తలూపుతున్నారో, వంటపనిలో ఉన్నారో నాకేం తెలుసు? రేడియోకి ఉత్తరాలు రాసినవాళ్లు ఎప్పుడూ కొందరే. మిగతావాళ్లు వినలేదని ఆకాశవాణిలో ఎవరూ అనుకోలేదు.

వెనకటి రోజుల్లో జవాబు ఇంత తొందరగా రావాలని ఆశించే వీలే లేదు. 1980లో హైదరాబాదులో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ మొదలైంది. దానికి ‘పిట్ట’ అని ఒక చిన్న పత్రిక. ఫలానా చెరువులో ఫలానా పక్షిని చూశాం అని సభ్యులు రాసి పంపితే అది అచ్చయి చేతికొచ్చేసరికి ఆ పక్షి వలస వెళ్లిపోయి కూడా ఉండేది. అయినా రాశారు. ఆ రాతల విలువ ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఏడు ఆ చెరువులో ఏమున్నాయో చెప్పగలిగే సాక్ష్యం అదే కదా.

సాక్ష్యం అన్నాను కాబట్టి మన దిగువమెట్ట గురించి చెబుతాను. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు రైలు నల్లమల ఎక్కబోయే ముందు వచ్చే చిన్న స్టేషన్. రైలు ఆగినా దిగేవాళ్లు కొద్దిమందే. కానీ పక్షిశాస్త్రం చదివినవాళ్లకు ఆ పేరు తెలుసు. 1920ల చివర్లో ఆర్థర్ వెర్నే అనే ఆయన డబ్బు పెట్టి తూర్పు కనుమల పక్షులను సర్వే చేయించాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున లా పర్సన్ అనే ఉద్యోగి ఊరూరా మకాం వేసి పక్షులను సేకరించాడు. ఆ మకాముల్లో దిగువమెట్ట ఒకటి. హ్యూ విస్లర్, కిన్నియర్ అనే ఇద్దరు వాటిని పరిశీలించి రాసిన వ్యాసాలు 1930ల్లో సొసైటీ పత్రికలో వరసగా వచ్చాయి. అప్పుడు పక్షిని కాల్చి, చర్మం ఒలిచి, కాలికి ఒక చీటీ కట్టేవారు. ఊరు, తేదీ, పట్టినవారి పేరు ఆ చీటీలో ఉండేవి. ఆ చీటీ ఊడిపోయిందంటే ఎంత అందమైన పక్షైనా పరిశోధకుడికి పనికిరాదు. చీటీ ఉంటే, ఈకలు వెలిసిపోయినా, దాదాపు వందేళ్ల తర్వాత కూడా అది దిగువమెట్ట అడవి గురించి మాట్లాడుతుంది.

ఇవాళ మనం కాల్చనక్కర్లేదు. ఆ కాలానికీ మనకూ ఉన్న మంచి తేడా అదే. కానీ చీటీ మాత్రం కట్టాలి. ఫోనులో నడిచే ఫొటోల వరస మన మార్కాపురం పలక లాంటిది. పొద్దున రాసింది సాయంత్రానికి తుడుపు. ఎంత మంచి ఫొటో అయినా, ఎంతమంది మెచ్చుకున్నా, మూడో రోజుకు కిందికి వెళ్లిపోతుంది. అదే ఫొటోను ఊరి పేరు, తేదీ, పక్షి పేరు, ఎన్ని కనపడ్డాయన్న లెక్కతో సరైన చోట దాస్తే తుడుపు పడదు.

అలా దాచే చోట్లు ఉన్నాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధన సంస్థ, ఆడుబన్ సొసైటీ కలిసి 2002లో ఈబర్డ్ మొదలుపెట్టాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఫోనులో యాప్ ఉంది. ఎక్కడున్నాం, ఎంతసేపు చూశాం, ఏయే పక్షులు ఎన్నెన్ని అని జాబితా పంపాలి. పక్కన ఫొటో పెడితే అది కార్నెల్‌లోని మెకాలే గ్రంథాలయంలో ఒక అంకెతో చేరిపోతుంది. అక్కడ లైకుల కోసం ఎవరూ చూడరు. కానీ ఆ చోటుకు, ఆ నెలకు అరుదైన పక్షిని మీరు రాశారనుకోండి, మన దేశంలోనే ఉండే స్వచ్ఛంద పరిశీలకులు ఒకరు ఉత్తరం రాస్తారు. రెక్క మీద చార ఎలా ఉంది, పక్కనుంచి తీసిన ఫొటో ఉందా అని అడుగుతారు. ‘నైస్’ అన్న కామెంటుకీ ఈ ప్రశ్నకీ ఎంత తేడా! మీ ఫొటోను పెద్దది చేసి, ఈక ఈకనూ చూసి, మీరు ఏం చూశారో తెలుసుకోవాలని ఒకరు అడుగుతున్నారన్నమాట. ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

ఈ జాబితాలన్నీ ఏమవుతాయో కూడా వినండి. 2023 ఆగస్టులో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ అనే నివేదిక వచ్చింది. 30 వేలమందికి పైగా పక్షి ప్రేమికులు పంపిన 3 కోట్లకు పైగా వివరాలను పోగేసి, 942 జాతుల పరిస్థితిని అంచనా వేశారు. వాళ్లలో చాలామంది మనలాంటి మామూలు మనుషులే. నెమలి, కోయిల బాగున్నాయని ఆ నివేదికే చెప్పింది. మనసు చివుక్కుమనిపించే మాట పాలపిట్ట గురించి. పన్నెండేళ్లలో దాదాపు 30 శాతం తగ్గిందని, దాని పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ పరిశీలించాలని అందులో ఉంది. దసరా నాడు జమ్మిచెట్టుకు మొక్కి పాలపిట్టను చూడాలని ఊరి బయటికి పోయే జాతి మనది. అది తగ్గుతోందని మన తాతలు ఊహించి ఉండరు. ఎవరో ఎక్కడో, ఏ పొగడ్తా లేకుండా, ‘పాలపిట్టలు రెండు’ అని ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయారు కాబట్టే ఈ సంగతి బయటపడింది.

ఇక్కడ మన ప్రాంతం మాట వస్తుంది. బెంగళూరు చెరువు గట్టు మీద, హైదరాబాదు పార్కులో రోజూ ఎవరో ఒకరు పక్షుల లెక్క రాస్తూనే ఉంటారు. అక్కడ ఇంకో ఫొటో చేరితే పెద్దగా తేడా పడదు. తర్లుపాడు, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు నుంచి వెళ్లే లెక్కలు చాలా తక్కువ. అంటే మీ ఫొటోను ఫేస్‌బుక్కులో పట్టించుకునేవాళ్లు ఎక్కడ తక్కువో, సరిగ్గా అక్కడే ఆ ఫొటో విలువ ఎక్కువ. నేను ఈ పూట చెప్పాలనుకున్న మాట ఇదే, దీన్ని నేను గట్టిగా నమ్ముతాను. పది లైకులు రాని పాలపిట్ట ఫొటో, ‘కొమరోలు మండలం, జొన్నచేను, ఫలానా తేదీ’ అన్న చీటీతో ఉంటే, రేపు ఈ నేలకు ఏం జరిగిందో తెలుసుకోవాలనుకునేవాడికి అదే ఆధారం. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు పూర్తిగా పారి మెట్ట మాగాణి అయితే ఏ పక్షులు వచ్చాయి, ఏవి పోయాయి అన్నది చెప్పాలంటే ముందటి లెక్క ఉండాలి కదా. ఆ లెక్క రాయడానికి పైనుంచి ఎవరూ రారు. ఇక్కడివాళ్లమే రాయాలి.

ఒక్క జవాబు ఎంత పని చేస్తుందో తెలియాలంటే గిద్దలూరు నుంచి పోరుమామిళ్ల, బద్వేలు మీదుగా కాస్త దక్షిణానికి వెళ్దాం. కడప జిల్లా లంకమల అడవుల వైపు. కలివికోడి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినాయన, 1840ల్లో దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతకడానికి వచ్చారు. పక్షి బొమ్మ పట్టుకుని ఊళ్లు తిరిగారు, వేటాడేవాళ్లను, కట్టెలకు పోయేవాళ్లను అడిగారు. ఆ బొమ్మను చూసి ‘ఊహూ’ అన్నవాళ్లు ఎందరో. రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడికి మాత్రం ఆ పక్షి తెలుసు. 1986 జనవరిలో, రాత్రిపూట, టార్చి వెలుగులో ఆయన దాన్ని పట్టుకున్నాడు. దేశమంతా తెలిసింది, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ అంతటివాడు సంబరపడ్డాడు. ఎనభై ఏళ్లకు పైగా మాయమైన పక్షిని, బొమ్మను గుర్తుపట్టిన ఒక్క మనిషి తిరిగి లోకానికి ఇచ్చాడు. ఆ బొమ్మను మెచ్చుకున్నవాళ్లు ఎందరు అని ఎవరూ లెక్క పెట్టలేదు.

మీ ఫొటోను కూడా చూడవలసిన మనిషి ఎక్కడో ఉంటాడు. చాలాసార్లు మన పక్కనే ఉంటాడు, ఫేస్‌బుక్కులో ఉండడు. తర్లుపాడు దారిలో గొర్రెలు మేపుకునే ఒక పెద్దాయనకు నేను తీసిన తీతువు ఫొటో కెమెరా వెనక తెరమీద చూపించాను. కళ్లు చికిలించి చూసి, ‘ఇది పండుకోదు సార్. రేత్రిళ్లు గూడా అరుస్తానే ఉంటది. మంద కాడికి నక్క వచ్చినా, మనిషి వచ్చినా, మాకంటే ముందు దీనికే తెలుస్తది’ అన్నాడు. గుడ్లు ఎప్పుడైనా చూశారా పెద్దాయనా అని అడిగాను. ‘చూడక? ఎండలకాలం గులకరాళ్లల్లో పెడతది. రాయేదో గుడ్డేదో తెలవదు. గొర్రె కాలు పడబోతే రెక్కలిప్పి ఎదురొస్తది సార్, ఇంతంత పిట్ట. మేమే మందను పక్కకు తోలుకుంటాం’ అన్నాడు. ఆ మాటలు ఇంటికొచ్చి ఆయన చెప్పినట్టే రాసుకున్నాను. నేను తీసిన ఫొటోకి అంత పెద్ద కామెంటు అంతకుముందు రాలేదు.

అందుకే పిల్లలకు చెబుతుంటాను. మంచి ఫొటోలు నాలుగు స్టూడియోలో కడిగించండి. మీరు చదివిన బడికి తీసుకుపోండి. అయ్యవారిని అడిగి గోడకు పెట్టండి, కింద తెలుగులో పేరు రాయండి. బుడబుంగ, లకుముకి, గిజిగాడు, జెముడుకాకి, పైడికంటె అని. ఆరో తరగతి పిల్ల వచ్చి ‘ఇది మా బాయికాడ ఉంటది’ అంటుంది. నవంబరు 12 సలీం అలీ పుట్టినరోజు, అక్టోబరు మొదటి వారం వన్యప్రాణి వారోత్సవాలు. బడుల్లో ఇలాంటివి పెట్టడానికి మంచి సందర్భాలు.

ఫోనులో పెట్టడం మానమని నేను అనను. పెట్టే తీరు మార్చుకుంటే మాట్లాడేవాళ్లు పెరుగుతారు. వట్టి ఫొటో పెట్టి ఊరుకుంటే చూసేవాడికి అనడానికి ఏమీ దొరకదు. ‘కంభం కట్ట మీద పొద్దున ఏడింటికి, ఈ కొంగ రెక్క ఎందుకు తెరిచిందో తెలుసా?’ అని రెండు వాక్యాలు రాస్తే ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఇంకొకటి, ఇతరుల ఫొటోల కింద మనం ఏం రాస్తున్నామో చూసుకోవాలి. ‘సూపర్’ అని దాటిపోకుండా, ‘తల మీద కుచ్చు చూస్తే మగదేమో అనిపిస్తోంది, మీరేమంటారు?’ అని రాయండి. గిద్దలూరులో ఒకడు, మార్కాపురంలో ఒకడు, త్రిపురాంతకంలో ఒకడు ఒకరి ఫొటోను ఒకరు అలా శ్రద్ధగా చూసుకుంటే, ఆ ముగ్గురూ చాలు. ఊరికే మెచ్చుకునే గుంపు కంటే తప్పు పట్టి నేర్పే స్నేహితుడు ఒకడు మేలు. పనికొచ్చే ఫొటోలను అందరూ వాడుకునేలా వికీమీడియా కామన్స్‌లో పెట్టడం ఇంకో దారి. జె. ఎం. గార్గ్ హైదరాబాదు పరిసరాల్లో తీసిన పక్షుల ఫొటోలు ఎన్నో అలాగే అక్కడ చేరాయి. అలా పెట్టినవి ఏ దేశంలో ఎవరి వ్యాసానికి, ఏ పిల్లవాడి పాఠానికి ఉపయోగపడతాయో పెట్టినవారికి తెలియను కూడా తెలియదు.

లైకుల మీద ఆశ ఎక్కువైతే ఏం జరుగుతుందో కూడా మాట్లాడాలి. ఇది నాకు చాలా పట్టిన విషయం. మామూలు పిట్టలకు స్పందన రావడంలేదని గూళ్ల మీద పడేవాళ్లున్నారు. గూట్లో పిల్లలు నోరు తెరిచిన ఫొటోకి మెచ్చుకోళ్లు ఎక్కువ వస్తాయి, నిజమే. ఆ ఫొటో కోసం అడ్డమొచ్చిన కొమ్మను విరిస్తే ఎండ నేరుగా పిల్లల మీద పడుతుంది. మనం నిలబడిన చోటును కాకి చెట్టు మీంచి చూస్తూనే ఉంటుంది, మనం పోగానే అది వస్తుంది. తీతువు గుడ్ల మీంచి లేచిందంటే మన వేసవి ఎండకు ఆ గుడ్లు ఎంతసేపు తట్టుకుంటాయి? అందుకే చాలా పక్షి బృందాలు గూటి ఫొటోలను తీసుకోవడం మానేశాయి. అలాగే ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించడం. తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందని అది మేత మాని మన చుట్టూ తిరుగుతుంది. మనకు ఫొటో, దానికి ఆయాసం.

చోటు సంగతి కూడా అంతే. కౌజులకూ పూరేళ్లకూ ఉచ్చులు పెట్టేవాళ్లు మన పక్కన లేరని ఎవరూ అనలేరు. నెమళ్లు రాత్రి ఏ చెట్టు మీద వాలుతాయో, పెద్ద గుడ్లగూబ ఏ పాత పలకల క్వారీ గోడలో ఉంటుందో, అది లోకానికి చాటాల్సిన సంగతి కాదు. ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల చోటును ఈబర్డ్ కూడా అందరికీ కనపడనివ్వదు. కొన్ని మంచి ఫొటోలను తీసి, చీటీ కట్టి, పెట్టెలో ఉంచుకోవడమే ఆ పక్షికి మనం చేసే మేలు. ఎవరికీ చూపించని ఫొటో కూడా మంచి ఫొటో కావచ్చు. నల్లమల లోపలికి కెమెరా పట్టుకుని దొడ్డిదారిన పోవద్దు. అది పులుల అభయారణ్యం. తుమ్మలబైలు దగ్గర అటవీశాఖవాళ్లు నడిపే సఫారీ ఉంది, వాళ్లతో వెళ్లండి. నిజానికి మన చెరువులూ, జొన్నచేలూ, తుమ్మతోపులూ ఒక మనిషి జీవితానికి సరిపడా పక్షుల్ని ఇస్తాయి.

బాధ పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వలేను. మంచి ఫొటో పెట్టిన రాత్రి ఫోను చూడకుండా ఉండటం నాకు ఇప్పటికీ కష్టమే. నేను పెట్టుకున్న వరస మాత్రం చెబుతాను, నచ్చితే మీరూ పాటించండి. ఇంటికి రాగానే ముందు జాబితా రాస్తాను, ఊరు, తేదీ, లెక్క. తర్వాత ఫొటోను దాని చోట దాస్తాను. ఆ మీదటే స్నేహితులకు పెట్టడం. అప్పటికి ఫొటో చేయాల్సిన పని అయిపోయి ఉంటుంది. ఎవరైనా పలికితే సంతోషం, పలకకపోతే ఆ పని చెడిపోదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్కింపు జరుగుతుంది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు. 1998లో మొదలైంది, 2013 నుంచి మన దేశమూ అందులో ఉంది. చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎక్కడైనా పదిహేను నిమిషాలు నిలబడి కనపడినవీ వినపడినవీ రాయాలి. మిద్దె మీద అయినా సరే, బడి ఆవరణ అయినా సరే. తన ఫొటోలకు ఎవరూ పలకడంలేదని దిగులుపడే స్నేహితుడు ఒకడు ఉంటే ఆ పూట వాణ్ణి వెంటబెట్టుకు వెళ్లండి. కంభం కట్టకైనా, మీ ఊరి చెరువుకైనా. బీరువాలో పెట్టిన కెమెరాను కూడా తెమ్మని చెప్పండి. బ్యాటరీ ముందు రోజు రాత్రే చార్జింగ్ పెట్టుకోవాలి, నోట్‌బుక్కు, పెన్సిలు జేబులో ఉండాలి, ఎండ మన వీపు మీద పడేలా నిలబడాలి.